సముద్రపు నీళ్లు తాగినా సీగల్ పక్షికి ఏమీ కాదెందుకు?

దాని తలలో ఉప్పును వడగట్టి బయటికి పంపే గ్రంథులు ఉన్నాయి కాబట్టి.

ముందు సముద్రం ఎంత ఉప్పనో చూద్దాం. లీటరు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు, అంటే రెండు పెద్ద చెంచాలు. ఇంట్లో అలా కలిపి ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి, తాగొద్దు. మన మూత్రపిండాలు అంత ఉప్పును బయటికి పంపాలంటే తాగిన నీళ్లకంటే ఎక్కువ నీళ్లు ఖర్చవుతాయి. అందుకే సముద్రపు నీళ్లు తాగితే దాహం ఇంకా పెరుగుతుంది.

సీగల్‌కి రెండు కళ్ల పైన, పుర్రె మీది గుంటల్లో ఉప్పు గ్రంథులు ఉంటాయి. అవి రక్తంలోని ఉప్పును లాగి, సముద్రంకంటే చిక్కటి ఉప్పునీరుగా మారుస్తాయి. ఆ నీరు ముక్కు రంధ్రాల్లోంచి జారి ముక్కు కొసన బొట్టుగా నిలుస్తుంది. పక్షి తల విదిలిస్తే రాలిపోతుంది. జలుబు చేసిందనుకోకండి! మంచినీళ్లు దొరికితే మాత్రం వాటినే ఇష్టంగా తాగుతుంది.

చలికాలంలో లడఖ్, టిబెట్ వైపు నుంచి గోధుమరంగు తల సీగల్స్ మన తీరానికి వస్తాయి. అప్పుడు తల తెల్లబడి, కంటి వెనక నల్ల మచ్చ మాత్రమే మిగులుతుంది. కాళ్లు ఎర్రగా ఉంటాయి. చూసి ఆనందించండి, చిప్స్, మిక్చర్ మాత్రం వేయకండి. వాటితో కడుపు నిండుతుంది గానీ చేపల్లో ఉండే పోషణ అందదు.

వీటి బంధువులైన టెర్న్ పక్షులకూ ఈ గ్రంథులున్నాయి.