కాలర్ కట్టినా గోమార్లు పోవట్లేదేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్ కుక్కకి టిక్ కాలర్ (గోమార్లని చంపే మందున్న మెడపట్టీ) కట్టి వారం దాటింది, అయినా చెవుల వెనకాల, కాలి వేళ్ల సందుల్లో గోమార్లు కనిపిస్తూనే ఉన్నాయి. కాలర్ నకిలీదంటారా? పైగా మా పిల్లి కూడా దాని పక్కనే పడుకుంటుంది, దానికేమైనా అవుతుందేమో అని భయంగా ఉంది.

జవాబు: నకిలీదని అప్పుడే తేల్చేయకండి. ముందు బొచ్చు పాయ తీసి ఆ గోమారిని దగ్గరగా చూడండి. బూడిద రంగులో ఆముదం గింజంత ఉబ్బి ఉంటే బతికి రక్తం తాగుతున్నట్టు, ఎండి ముడుచుకుపోయి కాళ్లు కదపకుండా ఉంటే కాలర్ పని చేస్తున్నట్టే, చచ్చినవి కూడా కొన్ని చర్మాన్ని వదలకుండా అలాగే ఉండిపోతాయి.

ఫ్లూమెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు కాలర్ చర్మానికి తగులుతుంటేనే పైనున్న జిడ్డులో కలిసి మెల్లగా ఒళ్లంతా పాకుతాయి. కొన్ని కాలర్లు రెండు రోజుల్లో పట్టు చూపిస్తాయి, కొన్నిటికి వారం పడుతుంది. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులుంటే దండగే, బొచ్చు ఎక్కువుంటే కాలర్ కింద పాయ తీసి చర్మానికి ఆనేలా పెట్టండి. మాటిమాటికీ షాంపూతో రుద్దితే మందు తొందరగా అయిపోతుంది, ఎనిమిది నెలలని రాసున్నది కూడా అన్నాళ్లు రాదు.

అసలు సమస్య కుక్క మీదకన్నా ఇంట్లోనే ఎక్కువ ఉంటుంది. కుక్కల్ని పట్టే గోధుమరంగు గోమారి కడుపునిండా తాగి కింద రాలిపోయి గోడ బీటల్లో, పరుపు కుట్ల దగ్గర వేల గుడ్లు పెడుతుంది, పిల్లలు మళ్లీ కుక్క మీదకే ఎక్కుతాయి, అందుకే మీకు రోజూ కొత్తవి కనిపిస్తున్నాయి. పక్కబట్టలు వేడినీళ్లతో ఉతికి, బీటలన్నీ వాక్యూమ్ చెయ్యండి, కొన్ని వారాలు వదలకుండా చెయ్యాలి, ఒకసారి చేసి ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

బతికున్నవి కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. కిరోసిన్ పొయ్యడం, కాల్చడం, వేళ్లతో చిదమడం మాత్రం వద్దండీ. గోమారి అతుక్కున్న కొన్ని గంటల్లోనే దాన్నుంచి ఎర్లీషియా అనే జబ్బు క్రిమి కుక్క రక్తంలోకి ఎక్కేస్తుంది కాబట్టి కాలర్ ఉంది కదా అని రోజూ చూడ్డం మానకండి. జ్వరం, తిండి మానడం, ముక్కు నుంచి రక్తం, చిగుళ్ల మీద ఎర్రమచ్చలు, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో చాలావరకు తగ్గుతుంది.

ఇక పిల్లి సంగతి. మీ భయం సబబే, కుక్కలకిచ్చే కొన్ని మందుల్ని, ముఖ్యంగా పెర్మెత్రిన్‌ని, పిల్లి లివర్ అరాయించుకోలేదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తుంది. కవర్ మీద పిల్లులున్న ఇంట్లో వాడొచ్చో లేదో చూడండి, పెర్మెత్రిన్, అమిట్రాజ్, డెల్టామెత్రిన్ అని ఉంటే ఇద్దరినీ వేరుగా పడుకోబెట్టి మీ డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. కుక్క కాలర్ కొరికి మింగితే, అందులోనూ అమిట్రాజ్ ఉన్నదైతే, ఆ కవర్ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లిపోండి.