ఫైవ్ నైన్ అన్నారని మురిసిపోకు

చిరంజీవి మేనల్లుడికి,

మొన్న ఫోన్‌లో "మామయ్యా, జపాన్ వాళ్లు నాకు ఫైవ్ నైన్ ఇచ్చారు!" అని సంబరపడ్డావు. నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లను గానీ, హామ్ రేడియో కాంటెస్టులో, అంటే సొంత రేడియో సెట్లతో వీలైనన్ని స్టేషన్లను పలకరించే పోటీలో, ఆ ఫైవ్ నైన్ (నీ మాట స్పష్టంగా, గట్టిగా వినపడిందని ఇచ్చే మార్కు) శుభలేఖలో 'సకుటుంబ సపరివార సమేతంగా' లాంటిది. అందరికీ అదే వేస్తారు. గరగరల్లో మన గొంతు సగమే వినపడినా ఫైవ్ నైనే అంటారు.

అసలు సరుకు దాని వెనక వచ్చే అంకెల్లో ఉంటుంది. అక్టోబరు చివర్లో వచ్చే సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో అది జోన్. ప్రపంచాన్ని 40 జోన్లు చేశారు, మనది 22, జపాన్‌ది 25. "ఫైవ్ నైన్ టూ టూ" అంటే నీ పని అయిపోయింది. జూలైలో ఐఏఆర్‌యూ (హామ్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) పోటీకి లెక్క వేరు, అక్కడ ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంస్థ) జోన్ 41 అనాలి. డబ్ల్యూపీఎక్స్ పోటీలో జోన్ ఊసే ఉండదు, వరస నంబరు 001 నుంచి మొదలు. ఆల్ ఏషియన్ పోటీలో అయితే వయసు చెప్పాలి. నేను "ఫైవ్ నైన్ సిక్స్ సెవెన్" అని అరుస్తుంటే మీ అత్తయ్య వంటింట్లోంచి "ఊరంతా చాటండి" అంటుంది.

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. ఒకసారి అమెరికా స్టేషన్ దొరికింది. కాల్‌సైన్‌లో (స్టేషన్ గుర్తింపు పేరులో) 6 ఉంది, అంటే కాలిఫోర్నియా కదా అని సాఫ్ట్‌వేర్ జోన్ 3 తనే నింపేసింది. ఆయన స్పష్టంగా "జీరో ఫైవ్" అన్నాడు. చెవిన పడింది, వేలు మాత్రం ఎంటర్ నొక్కేసింది. అక్కడి వాళ్లు తూర్పు తీరానికి మారినా పాత కాల్‌సైన్ ఉంచుకోవచ్చు. చివరికి లాగ్ (మన కాంటాక్టుల చిట్టా) చెకింగ్ రిపోర్టులో ఆ కాంటాక్ట్ ఎగిరిపోయింది. తెర మీద ఏముందో కాదు, చెవికి ఏం వినపడిందో అదే రాయి.

థర్టీనో థర్టీయో తేలకపోతే మొహమాటపడకు. "వన్ త్రీ ఆర్ త్రీ జీరో?" అని విడివిడిగా అడుగు. మోర్స్‌లో 9కి ఎన్, 0కి టీ కొడతారు. '5ఎన్ఎన్ టీటీ7' వస్తే కంగారుపడకు, అది 599 007.

సీక్యూ వరల్డ్ వైడ్ శనివారం పొద్దున అయిదున్నరకి మొదలు. నన్ను కూడా పిలువు. సొంత దేశం కాబట్టి పాయింటు సున్నాయే, కానీ ఆ బ్యాండులో (ఫ్రీక్వెన్సీ పట్టీలో) ఇండియా, జోన్ 22 రెండూ మల్టిప్లయర్లుగా, అంటే మొత్తం పాయింట్లను గుణించే లెక్కలో, పడతాయి.

మీ మామయ్య