కాలేజీలో ఫుడ్ అలర్జీల మీద అవగాహన: పోస్టర్లు సరిపోతాయా, ఇంకేం చేయాలి?

డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నామని, మీ జూనియర్‌కి పల్లీలు తింటే ప్రాణం మీదికొచ్చే అలర్జీ ఉందని, కాలేజీలో పోస్టర్లు పెట్టి ఓ ర్యాలీ తీస్తే చాలా అని అడిగారు. విద్యార్థులకు ఈ శిక్షణ ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను: చాలదు. ర్యాలీ తర్వాత తీయండి. ముందు ఆ అమ్మాయితో రోజూ కూర్చుని తినేవాళ్లందరికీ మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో చేయించి మరీ నేర్పండి.

ఎందుకంటే ఈ అలర్జీల వల్ల ప్రాణం పోయే ముప్పు ఎక్కువగా ఉండేది మీ వయసువాళ్లకే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ కనిపెట్టుకుని ఉంటుంది. హాస్టల్‌కి వచ్చాక బయటి తిండి, అడగడానికి మొహమాటం, మందు రూమ్‌లోనే వదిలేయడం మొదలవుతాయి. దానికి తోడు ఆస్తమా అదుపులో లేకపోతే ముప్పు ఇంకా పెరుగుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి మరణాలను పరిశీలిస్తే, తిన్న తిండి వల్ల ఊపిరి గానీ గుండె గానీ ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు, అంటే దాదాపు సగం మందిలో అంతకన్నా ముందే జరిగిపోయింది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి ఆసుపత్రికి చేరడానికే ఆ అరగంట అయిపోవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది పక్కన కూర్చున్నవాళ్లే.

ముందు గుర్తుపట్టడం నేర్పండి. దద్దుర్లు, పెదాలు వాయడం అందరికీ తెలిసినవే. కానీ నూటికి పది ఇరవై మందిలో చర్మం మీద ఏమీ కనిపించదు. గొంతు బిగుసుకుపోవడం, మాట బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, కళ్లు తిరగడం, మొహం పాలిపోవడం, ఆగకుండా వాంతులు కూడా లక్షణాలే. అలర్జీ ఉన్న మనిషి, ఆ పదార్థం పొట్టలోకి పోయిందన్న అనుమానం, పైగా ఊపిరి ఇబ్బందో కళ్లు తిరగడమో ఉంటే ఇక దద్దుర్ల కోసం ఎదురుచూడొద్దు. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే.

మన దగ్గర ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఎవరో ఒకరు సెట్రిజిన్ మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. లేదా సందు చివర క్లినిక్‌కి తీసుకెళ్తే అవిల్, డెక్సా ఇంజెక్షన్లు చేసి పంపిస్తారు. సెట్రిజిన్, అవిల్ దురదను తగ్గిస్తాయి తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవవు, పడిపోతున్న బీపీని నిలబెట్టవు. డెక్సా లాంటి స్టెరాయిడ్లు పనిచేయడానికి గంటలు పడుతుంది. దురద తగ్గింది కదా అని ఊరుకుంటే లోపల జబ్బు ముదిరిపోతూనే ఉంటుంది. మీరు ఒకే ఒక్క పోస్టర్ వేసేట్టయితే దాని మీద ఇదే రాయండి: "ముందు అడ్రినలిన్, మిగతావన్నీ తర్వాత." ఆస్తమా ఇన్‌హేలర్ కూడా ఆ తర్వాతే.

విదేశాల్లో వాడే, తొడకి నొక్కితే దానంతటదే మందు ఎక్కించే ఆటో ఇంజెక్టర్ పెన్నులు ఇక్కడ మందుల షాపుల్లో మామూలుగా దొరకవు. దొరికేది 1 మి.లీ.లో 1 మి.గ్రా. అడ్రినలిన్ ఉండే ఆంపూల్ (మెడ విరిచి వాడే చిన్న గాజు సీసా), అదీ తక్కువ ధరకే. మోతాదు కిలో బరువుకి 0.01 మి.లీ., పెద్దవాళ్లకి గరిష్ఠంగా 0.5 మి.లీ. మీ జూనియర్‌కి ఎంత అన్నది ఆమె డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. ఇంజెక్షన్ తొడ మధ్యలో, బయటి వైపు, కండలోకి వెళ్లాలి. అవసరమైతే ప్యాంటు మీదుగానే పొడవచ్చు, సీము, జేబు అడ్డం రాకుండా చూస్తే చాలు. ఐదు నిమిషాల్లో తేడా కనిపించకపోతే రెండో డోసు వేయాలి. కాబట్టి కిట్‌లో రెండు ఆంపూళ్లు, రెండు సిరంజిలు తప్పనిసరి.

సిరంజి విషయంలో జాగ్రత్త. అందుబాటులో ఉంది కదా అని ఇన్సులిన్ సిరంజి పెడుతుంటారు. దాని సూది చాలా పొట్టి, కండ దాకా పోకుండా కొవ్వులోనే ఆగిపోతుంది. పైగా దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి. 1 మి.లీ.కి 40 యూనిట్ల లెక్కన ఉండే సిరంజిలో 0.3 మి.లీ. అంటే 12 యూనిట్లు, కంగారులో ఆ లెక్క ఎవరికీ తట్టదు. 1 మి.లీ. సిరంజికి అంగుళం సూది పెట్టి, ఎంతవరకు తీయాలో మార్కర్‌తో గీత గీసి ఉంచమని డాక్టర్‌ని అడగండి. ఆంపూల్ మెడ విరవడం, గాలి బుడగ లేకుండా మందు లాగడం చేయి అలవాటు లేనివాళ్లకి తేలిక కాదు. నర్సు దగ్గర సెలైన్ ఆంపూళ్లతో పదిసార్లు చేయించండి. కొందరు డాక్టర్లు ముందే నింపిన సిరంజి ఇస్తారు. అలాంటిదాన్ని వాళ్లు చెప్పిన గడువుకి మార్చేయాలి. మందు రంగు గులాబీకో గోధుమకో తిరిగినా, నలకలు కనిపించినా పారేయాలి. అడ్రినలిన్‌కి వెలుతురు పడదు, వేడి అసలే పడదు. మే నెలలో బండి డిక్కీలోనో కారు డాష్‌బోర్డులోనో పెట్టొద్దు, ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. వేడి సోకని చిన్న పౌచ్‌లో వేసుకుని మనిషి వెంటే ఉంచుకోవాలి, హాస్టల్ అల్మారాలో కాదు.

ఇంజెక్షన్ ఎంత ముఖ్యమో మనిషిని ఎలా ఉంచుతామన్నదీ అంతే ముఖ్యం. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. వాంతులవుతుంటే, స్పృహ తప్పితే పక్కకి తిప్పాలి. లేపి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. బీపీ పడిపోయినప్పుడు ఒక్కసారిగా లేస్తే గుండెకి తిరిగి చేరే రక్తం తగ్గిపోయి అక్కడికక్కడే కుప్పకూలవచ్చు. మన ఊళ్లో జరిగేదేమో ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని ట్రిపుల్ రైడింగ్‌లో ఆసుపత్రికి పరుగెత్తడం. అది వద్దని గట్టిగా చెప్పండి. 108కి ఫోన్ చేసి "ఫుడ్ అలర్జీ, ఊపిరాడటం లేదు" అనండి. అంబులెన్సు రాదని తేలితే కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లండి. వాంతి వస్తోందని ఒంటరిగా బాత్‌రూమ్‌కి వెళ్లనివ్వొద్దు. తలుపు గడియ పెట్టుకుని లోపల పడిపోతే ఎవరికీ తెలియదు.

ఇవన్నీ స్లైడ్లలో చూపిస్తే మర్నాటికి ఎవరికీ గుర్తుండవు, రిహార్సల్ చేయించండి. నలుగురు చొప్పున జట్లు కట్టండి. ఒకరు పేషెంటుగా పడుకుంటారు, ఒకరు టైమ్ చూస్తూ సూది లేని సిరంజితో ఇంజెక్షన్ చేస్తారు, ఒకరు 108తో మాట్లాడతారు, ఒకరు మెయిన్ రోడ్డు మీదికెళ్లి అంబులెన్సుకి దారి చూపిస్తారు. హాస్టల్ సందులు మ్యాప్‌లో సరిగా దొరకవు, ఈ నాలుగో మనిషి లేకపోతే బండి పక్క వీధిలో తిరుగుతుంటుంది. మొదటిసారి చేయించినప్పుడు అందరూ ఒకేసారి బయటికి పరుగెత్తుతారు, పేషెంటు దగ్గర ఎవరూ మిగలరు. రెండోసారికి సర్దుకుంటుంది. వార్డెన్, మెస్ అక్క, వాచ్‌మన్ కూడా ఉండేలా చూడండి. తగ్గిపోయినట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి అక్కడ కొన్ని గంటలు కనిపెట్టి చూస్తారు.

ఇక తిండి. పల్లీలు కంటికి కనిపించే చోట ఎవరైనా జాగ్రత్తపడతారు. మన వంటల్లో అవి ముద్దగా, పొడిగా దాక్కుని ఉంటాయి. బిర్యానీ పక్కన పోసే మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ గ్రేవీలో పల్లీలు, నువ్వులు, కొబ్బరి కలిపి నూరతారు. టిఫిన్ బండి మీద అడక్కుండానే పల్లీ చట్నీ పోస్తారు, కొబ్బరి చట్నీ అన్నదాంట్లో కూడా పల్లీలు కలుపుతారు. సర్వపిండిలో కూడా పల్లీలు ఉండొచ్చు. మిగతా అలర్జీలున్నవాళ్లూ చూసుకోవాలి: సకినాల్లో నువ్వులు, హలీంలో గోధుమలు, జీడిపప్పు, షావర్మాలో నువ్వుల తహీనీ ఉండొచ్చు. సద్దుల బతుకమ్మ నాడు పల్లీల సత్తు, నువ్వుల సత్తు చేతి నుంచి చేతికి మారతాయి. గానుగ నూనెలో పల్లీ ప్రొటీన్ మిగిలి ఉంటుంది. ఒకే కడాయిలో రొయ్యలూ బజ్జీలూ వేయిస్తే రొయ్యలు పడనివాళ్లకి ఆ నూనె కూడా ప్రమాదమే. సప్లయర్‌ని "పల్లీలు వద్దు" అంటే పైన చల్లినవి తీసేసి తెచ్చిస్తాడు. "అన్నా, పల్లీ తింటే ఊపిరాగిపోతుంది, గ్రేవీలో నూరి వేశారా, మాస్టర్‌ని అడిగి చెప్తావా" అని అడగడం నేర్పండి. జవాబు తడబడితే అక్కడ తినొద్దు. ఇంకో మాట, శానిటైజర్ పల్లీ ప్రొటీన్‌ని పోగొట్టదు, సబ్బూ నీళ్లతోనే చేతులు కడగాలి.

ప్యాకెట్ల మీద మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమల్లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పు బాదం వంటి నట్స్, సోయా, సల్ఫైట్లు అనే నిల్వ రసాయనాల గురించి విడిగా రాయాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు, పదార్థాల వరసంతా చదువుకోవాల్సిందే. నువ్వుల అలర్జీని తేలిగ్గా తీసుకునేవాళ్లకి బ్రిటన్ సంగతి చెప్పండి. 2016లో 15 ఏళ్ల నటాషా ఎడ్నాన్ లపరూజ్ బగెట్ అనే పొడవాటి బ్రెడ్డు తిని చనిపోయింది, పిండిలో కలిపిన నువ్వుల మాట లేబుల్ మీద లేదు. తల్లిదండ్రుల పోరాటంతో 2021 అక్టోబరులో అక్కడ లేబుల్ చట్టమే మారింది. విడిగా అమ్మే మిఠాయిలకి ఇక్కడ ఆ లేబులూ ఉండదు. ఖర్చు కలిసిరావడానికి కాజూ బర్ఫీలో పల్లీపొడి కలిపే చోట్లున్నాయి.

మీ జూనియర్ పేరు, ఫొటో ఆమె అడిగితే తప్ప పోస్టర్ మీద వేయొద్దు. ఆట పట్టించడానికి ప్లేట్లో పల్లీ వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. అది సరదా కాదని, ప్రాణం తీసే పని అని సెషన్‌లో సూటిగా చెప్పండి.

సెషన్ అయ్యాక "నాకు వంకాయ తింటే నోరు దురద, నాకూ అలర్జీయేనా" అంటూ చాలామంది వస్తారు. మీరు తేల్చొద్దు, అలర్జీ స్పెషలిస్టు దగ్గరికి పంపండి. వందల పదార్థాలకు ఒకేసారి చేసే ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) రక్త పరీక్షలతో అలర్జీ నిర్ధారణ కాదు, డబ్బు దండగ. ఐజీఈ (అలర్జీలో పాత్ర ఉండే యాంటీబాడీ) పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన తిండి మానేయక్కర్లేదు, తిన్నప్పుడు ఏమైందో దానితో కలిపి చూడాలి. కొంచెం తిని చూద్దామని రూమ్‌లో ప్రయోగాలు మాత్రం ఎవరినీ చేయనివ్వకండి, ఆ పరీక్ష అడ్రినలిన్ చేతిలో పెట్టుకుని ఆసుపత్రిలోనే చేస్తారు.