కష్టాల్లో ఉన్న క్రైస్తవుడు కూడా ఆనందించాలా?

"ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" (ఫిలిప్పీ 4:4) అన్న ఆజ్ఞ బాధలో ఉన్నవాళ్లకు ఎలా సాధ్యం అన్నది ప్రశ్న.

ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో ఆ మాట రాసే సమయానికి అపొస్తలుడైన పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో తెలియని స్థితి. అంటే ఆ ఆనందానికి ఆధారం పరిస్థితి కాదు, "ప్రభువునందు" అన్నదే. అలాగని ఆయన ఏడుపు దాచుకోలేదు. జబ్బుపడ్డ తన సహచరుడు ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని అదే పత్రికలో (2:27) ఒప్పుకున్నాడు. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు. కాబట్టి ఆనందం, దుఃఖం ఒకే మనసులో ఉండొచ్చు.

గలతీ 5:22 ప్రకారం ఆనందం ఆత్మ ఫలం, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించేది. పండును లాగి పెంచలేం కదా. పాపంలో పడ్డ దావీదు కూడా "రక్షణానందము"ను తిరిగి ఇమ్మని దేవుణ్ణే అడిగాడు (కీర్తన 51:12). ఇక దాని పని ఏమిటంటారా, బలం ఇవ్వడం: ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న ప్రజలతో, యెహోవాయందు ఆనందమే మీ బలమని నెహెమ్యా 8:10 చెబుతుంది. ప్రార్థన, సేవ బరువైన డ్యూటీలా మారకుండా నిలబెట్టేది అదే.

బాధలో ఉన్నవాళ్లను "నీకు విశ్వాసం తక్కువ, అందుకే నవ్వడం లేదు" అనడం మాత్రం క్రూరత్వమే అంటాను. డిప్రెషన్ ఉంటే ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికీ వెళ్లాలి. అందులో అవిశ్వాసం ఏమీ లేదు.