చైనా స్నూకర్ కుర్రాళ్లందరూ మ్యాచ్ ఫిక్సర్లేనా?

కాదు; 2023 జూన్‌లో శిక్ష పడింది పదిమంది చైనా ఆటగాళ్లకు, వాళ్లలోనూ అందరి తప్పూ ఒకటి కాదు.

సీనియర్లయిన లియాంగ్ వెన్‌బో, లీ హాంగ్‌లకు జీవితకాల నిషేధం పడింది. చిన్నవాళ్లను ఈ ఊబిలోకి లాగింది ప్రధానంగా వీళ్లేనని విచారణలో తేలింది. ఇంగ్లండ్‌లో ఇంటికి దూరంగా ఉంటూ ప్రాక్టీస్ చేసే కుర్రాడికి తన దేశపు సీనియర్ అంటే అన్నతో సమానం. అలాంటివాడు అడిగితే కాదనడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. పైగా ర్యాంకింగ్‌లో కింద ఉన్నవాళ్లకు సంపాదన తక్కువ. మోసం పట్టుకోవడమూ తేలిక కాదు: సులువుగా పాకెట్‌లో పడాల్సిన ఎర్ర బంతి అంచున ఆగిపోతే, అది టెన్షనో, కావాలని చేసిందో చూసేవాళ్లకు తెలియదు. అందుకే బెట్టింగ్ సరళి, ఫోన్ మెసేజ్‌లు కీలకమవుతాయి.

ఆ పదిమందిలో ఒకడైన ఝావో షింటాంగ్‌నే తీసుకోండి. తన మ్యాచ్ ఏదీ అతను ఫిక్స్ చేయలేదు. వాళ్లలోనే మరో ఆటగాడు యాన్ బింగ్‌టావో ఫిక్స్ చేసిన రెండు మ్యాచ్‌ల వ్యవహారంలో పాలుపంచుకున్నానని, స్నూకర్‌పై పందేలు కాశానని ఒప్పుకున్నాడు. 20 నెలల నిషేధం ముగించుకుని వచ్చి, 2025లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. యాన్‌కు మాత్రం ఐదేళ్లు పడింది. 20 ఏళ్లకే స్నూకర్‌లోని పెద్ద టోర్నీల్లో ఒకటైన మాస్టర్స్ గెలిచిన ఆటగాడు, నిజంగా బాధేస్తుంది.

ఇది చైనావాళ్ల జబ్బు అనుకోవడమే పెద్ద పొరపాటు. ఇంగ్లండ్ ఆటగాడు స్టీఫెన్ లీకి ఇదే నేరానికి 2013లో 12 ఏళ్ల నిషేధం పడింది.