రిపోర్టు నార్మల్ వచ్చిందని థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. రెండేళ్ల కిందట హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ తక్కువ) అన్నారు. రోజూ థైరాక్సిన్ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునేదాన్ని. రిపోర్టు నార్మల్ రావడంతో మూడు నెలల కిందట మానేశాను. ఇప్పుడు జుట్టు బాగా రాలుతోంది. నాలుగు కిలోలు పెరిగాను, ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటోంది. జుట్టు కోసం బయోటిన్ వాడుతున్నాను. క్యాబేజీ తినకూడదంటున్నారు, నిజమేనా? బరువు ఎలా తగ్గాలి? పిల్లల కోసం చూస్తున్నాం. ఈసారి నెలసరి పది రోజులు దాటినా రాలేదు.
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: క్యాబేజీ సంగతి తర్వాత చూద్దాం. మీరు అన్నిటికన్నా చివర రాసిన విషయమే నన్ను ఎక్కువ కంగారుపెడుతోంది. ఈరోజే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. థైరాయిడ్ తగ్గినా నెలసరి గాడి తప్పుతుంది కాబట్టి గర్భమేనని చెప్పలేను. కానీ తేలేదాకా ఉందనుకునే జాగ్రత్తపడాలి. నెగటివ్ వస్తే వారం ఆగి మళ్లీ చూసుకోండి.

ఇంత తొందర ఎందుకంటే, మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ దాదాపు ఉండదు. మెదడు ఎదుగుదలకు కావాల్సిందంతా తల్లి నుంచే అందాలి. తల్లిలోనే కొరత ఉంటే గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు వంటి ముప్పులు పెరుగుతాయి. అప్పటికే మాత్ర వాడుతున్నవాళ్లకు కూడా గర్భం రాగానే మోతాదు 25-30 శాతం పెంచాల్సి వస్తుంటుంది. మీరేమో మొత్తానికే మానేశారు! పాజిటివ్ వస్తే అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకుండా అదే రోజు మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఈ మాత్ర గర్భిణులు వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. ఆ తర్వాత గర్భం నెలల్లో సగం గడిచేదాకా సుమారు నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తారు.

ఫలితం ఏదైనా టీఎస్‌హెచ్‌తో పాటు రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూపే ఫ్రీ టీ4 పరీక్ష ఎలాగూ చేయించాలి. బయోటిన్ ఈ పరీక్షల అంకెలను తారుమారు చేయగలదు. సాధారణంగా రెండు రోజుల ముందే ఆపమంటాం. పరీక్ష అర్జెంటైతే వాడుతున్నట్టు ల్యాబ్‌లో చెప్పండి.

ఇక మాత్ర మానేయడం గురించి. అమ్మా, రిపోర్టు నార్మల్ వచ్చింది మాత్ర వేసుకోబట్టే. ఈ జబ్బుకు ఎక్కువగా కారణం హషిమోటో థైరాయిడైటిస్. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. గ్రంథి ఇవ్వలేని హార్మోన్‌ను మాత్ర భర్తీ చేస్తుందంతే, గ్రంథిని బాగుచేయదు. పైగా ఒంట్లో ఉన్న మందు సగం కావడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మానేసిన కొత్తలో ఏమీ తెలియదు, ‘బాగానే ఉన్నాను కదా’ అనిపిస్తుంది. ఆ తర్వాత మెల్లగా నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, గొంతు బొంగురుపోవడం, కొందరికి నెలసరిలో అధిక రక్తస్రావం మొదలవుతాయి. పని ఒత్తిడి అనుకుని నెలలు గడిపేస్తారు. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్ (థైరాయిడ్ గ్రంథి వాపు) లాంటి కొన్ని రకాల్లో మందు ఆపగలిగే మాట నిజమే. అది డాక్టర్ పరీక్షలు చూస్తూ చేయాల్సిన పని. మిమ్మల్ని చూడకుండా మోతాదు నేను చెప్పకూడదు. పాత చీటీ, రిపోర్టులు పట్టుకుని వెళ్లండి, గుండె జబ్బు ఏదైనా ఉంటే ముందే చెప్పండి.

పెరిగిన నాలుగు కిలోల్లో చాలావరకు ఒంట్లో చేరిన నీరు, ఉప్పే కావచ్చు. హార్మోన్ సరైతే కొంత దిగుతుంది. మిగతాది తిండి, నడకతోనే తగ్గాలి. బరువు కోసం ఎక్కువ మాత్రలు మాత్రం వేసుకోవద్దు, గుండెదడ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. జుట్టు కుదుటపడటానికి కొన్ని నెలలు ఓపిక పట్టాలి. క్యాబేజీ ఉడికించి మామూలుగా తింటే ఇబ్బంది లేదు.

మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టకండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం నిలిస్తే ఆ రెండూ రాస్తారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. టెస్ట్ పాజిటివ్ వచ్చి, కడుపులో నొప్పి గానీ రక్తస్రావం గానీ కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.