కూర నైస్, కొండ నైస్, పిండీ నైసేనా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఇంగ్లిష్ వ్యాసంలో ‘నైస్’ అని రాసిన చోటల్లా టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. అది తప్పు మాటా? మా అత్తగారైతే దోసెల పిండి కూడా నైస్‌గా రుబ్బమంటారు. దీని అర్థం, రూపాలు, బదులుగా వాడే మాటలు చెప్పగలరా?
– ఒక గృహిణి, నంద్యాల

జవాబు: తప్పేమీ లేదమ్మా. కానీ ఆ టీచరు ఎందుకు చుట్టారో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు నేనూ అదే ఎర్ర సిరా వాడాను.

ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి పాపికొండల విహారం గురించి ఉత్తరం రాసింది. లాంచీ నైస్, కొండలు నైస్, భోజనం నైస్. దగ్గరికి పిలిచి, ‘కొండల దగ్గర నీకేం నచ్చింది?’ అని తెలుగులోనే అడిగాను. ‘లాంచీ ఇంజను కాసేపు ఆపారండీ. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు’ అంది. నైస్ కొట్టేయించి ‘క్వయట్’ అని రాయించాను. భోజనానికి మాట తనే వెతుక్కుంది: ‘హాట్ అండ్ స్పైసీ’. మీ అబ్బాయినీ అలాగే అడిగి చూడండి.

మనిషి గురించైతే కైండ్, ఫ్రెండ్లీ, తిండికి టేస్టీ, డెలిషస్, వాతావరణానికి ప్లెజెంట్, ఇంటికి కంఫర్టబుల్. పోల్చి చెప్పాలంటే నైసర్, నైసెస్ట్. క్రియకు ముందో వెనకో వచ్చేది నైస్‌లీ, మంచితనానికి నైస్‌నెస్. ‘నైసిటీ’ మాత్రం వేరు. సున్నితమైన తేడా, సూక్ష్మమైన వివరం అని దాని అర్థం.

ఆ అర్థం ఎక్కడిదంటే, ఈ మాట పుట్టుక చూడాలి. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. లాటిన్‌లో ‘నెస్కియస్’ అంటే ఏమీ తెలియనివాడు. ‘తెలుసుకోవడం’ అనే ధాతువుకు ముందు ‘కాదు’ చేరింది. సైన్స్ అనే మాటలో ఉన్నదీ ఆ ధాతువే! ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో, అంటే 1300 ప్రాంతంలో, నైస్ అంటే తెలివితక్కువ అనే. తర్వాత ‘ప్రతిదానికీ వంకలు పెట్టే’ అనీ, ‘సూక్ష్మమైన’ అనీ మారి, 18వ శతాబ్దానికి ‘బాగున్న’ అనే అర్థంలో స్థిరపడింది. ఇప్పటికీ ‘ఎ నైస్ డిస్టింక్షన్’ అంటే మంచి తేడా కాదు, సూక్ష్మమైన తేడా.

ఇక మీ అత్తగారి మాట. పలుకు లేకుండా మెత్తగా అనడానికి మనవాళ్లు నైస్ అంటారు. చేతికి జారిపోయే చీరా నైసే. ‘నైస్‌గా తప్పించుకున్నాడు’ అంటే ఎవరికీ తెలియకుండా జారుకున్నాడని. ఇవి మన తెలుగులో వాడే అర్థాలు, వంటింట్లో నిశ్చింతగా వాడుకోండి. ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు మాత్రం పిండికి ‘స్మూత్’, పొడికి ‘ఫైన్’ అనాలి.